నా లాగిన్‌లో లేదు

మా మేనమామ హనుమకొండ వచ్చాడంటే రెండే పనులుంటాయి. ఒకటి భద్రకాళి దర్శనం, రెండోది భూమి కాగితం. అమ్మవారు గంటలో సెలవిచ్చి పంపేస్తుంది. భూమి కాగితం మాత్రం ఆయన్ని ఆరేళ్ళు వదలలేదు.

ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడి కచేరీవారు మళ్ళీ నా మొహం చూడరు. జిల్లా మాదే అనుకోండి.

2018 వేసవిలో ఒక పొద్దున, నేను ఇంకా కాఫీ పూర్తి చెయ్యనేలేదు, తలగుడ్డలో చుట్టిన కొత్త పట్టాదారు పాసుపుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు.

"అల్లుడా, గీ పుస్తకంల నా భూమి ఎంతున్నదో జర సదువు."

చదివాను. 2 ఎకరాల 4 గుంటలు.

"మల్ల సదువు."

మళ్ళీ చదివాను. అక్షరం మారలేదు.

"ఎమ్మే సదివిన నీకు గూడ సక్కగ రాకపాయె. నాది రెండెకరాల ముప్పై నాలుగు గుంటలు రా!"

మామ నవ్వుతూనే అన్నాడు గాని, చేతులు వణకడం నేను చూశాను. గుంటల లెక్క తెలియని పట్నవాసుల కోసం చెబుతున్నాను: 40 గుంటలైతే ఎకరం. పాత పహాణీలో 34 అని ఉన్నది, కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు 3 జారిపోయి ఒంటి 4 మిగిలింది. ఒక్క అంకె జారితే ముప్పావు ఎకరం నేల మాయం! ఆ యేడే రైతుబంధు పథకం మొదలైంది. ఎకరానికి పంటకు 4,000 రూపాయలు. అంటే మామకు పంటకు 3,000 తక్కువ పడింది. మరుసటి సంవత్సరం ఎకరానికి 5,000 చేశారు గనుక నష్టం 3,750కి పెరిగింది. ప్రభుత్వం ఉదారంగా పెంచినకొద్దీ మామ నష్టం పెరగడం చిత్రం కాదూ?

అయితే డబ్బు చిన్న సంగతి. తాతయ్య ఇద్దరు కొడుకులకూ సమంగా పంచి పోయాడు. గట్టుకు ఇవతల మా మామది, అవతల ఆయన తమ్ముడిది. ఆ తమ్ముడి పుస్తకంలో మాత్రం 2 ఎకరాల 34 గుంటలూ ఎంచక్కా అచ్చయి వచ్చాయి. ఇక మా అత్త ఊరుకుంటుందా?

"మనయి పోయి, వాళ్ళయి సక్కగ ఎట్లుంటయి? ఏదో మతలబు చేసిండ్రు."

ఆ ఒక్క మాట చాలింది. ఆ దసరా ముందు సద్దుల బతుకమ్మనాడు తోడికోడళ్ళిద్దరూ చెరువు గట్టున వేరు వేరు గుంపుల్లో బతుకమ్మ లాడారు. పాతికేళ్ళలో ఎప్పుడూ లేదు. అన్నదమ్ములు ఎదురుపడితే ఒకరు మిషన్ భగీరథ ట్యాంకు వైపూ, మరొకరు వేపచెట్టు వైపూ చూడసాగారు.

ఇంతకీ ఈ అంకెలు రాసే అధికారం ఎవరిదన్నది మన ప్రాంతంలో పాత ముచ్చట. నిజాం రాజ్యంలో సాలార్‌జంగు సంస్కరణలు వచ్చి జిల్లాలూ, తాలూకాలూ ఏర్పడ్డప్పటి నుంచీ ఊరి భూమి లెక్క పట్వారీ బస్తాలో ఉండేది. బస్తా అంటే వడ్ల బస్తా కాదు సుమండీ, దఫ్తరాలు కట్టిన గుడ్డమూట. దాన్ని విప్పే చెయ్యి ఒక్కటే, కట్టే చెయ్యీ ఒక్కటే. దేశ్‌ముఖుల పేరున వేల ఎకరాలు ఎక్కింది ఆ కలంతోనే. రైతు దున్నిన నేల రాత్రికి రాత్రి వేరొకరిదైందీ ఆ కలంతోనే. అంచేత ఎవరైనా "ఆ పట్వారీల రోజులే నయం" అని నిట్టూరిస్తే నేను ఒప్పుకోను. ఆ కలం పోటు తిన్నవాళ్ళ మనుమలు మా క్లాసులో ఇప్పటికీ కూర్చుంటున్నారు.

1984లో రామారావుగారి ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను ఎత్తివేసింది. బస్తా చేతులు మారింది. కొన్నాళ్ళకు గ్రామ రెవెన్యూ అధికారి వచ్చాడు, అందరూ వీఆర్‌వో అనేవారు. వంశపారంపర్యం పోయింది, జీతం వచ్చింది. బస్తా మాత్రం ఉంది. చెయ్యి తడపనిదే ముడి విప్పని వీఆర్‌వోలూ ఉన్నారు, అర్ధరాత్రి లేపినా ఏ సర్వే నంబరు ఎవరిదో చెప్పగలిగిన వీఆర్‌వోలూ ఉన్నారు. ఒక్కోసారి ఆ ఇద్దరూ ఒకే మనిషి కావడం కద్దు.

కంప్యూటరు కచేరీలోకి రావడం ఇదేమీ మొదలు కాదు. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో 'కార్డ్' అనే ఏర్పాటు తెచ్చారు. అంతకుముందు మా నాన్న హనుమకొండలో ఇంటి జాగా కొన్నప్పుడు, దస్తావేజు మొత్తం గుమాస్తా లావుపాటి పుస్తకంలోకి చేత్తో దించుకునేదాకా అసలు కాగితం ఇంటికి రాలేదు. నాన్న సైకిలు టైర్లు అరిగాయి. కార్డ్ వచ్చాక మా చిన్నాన్న జాగా కొంటే పొద్దున వెళ్ళి భోజనాల వేళకు కాగితంతో తిరిగి వచ్చాడు. నాన్నకు సంతోషం కంటే ఈర్ష్యే ఎక్కువ కలిగింది. కాని ఒకటి గమనించండి. అక్కడ సబ్‌రిజిస్ట్రారు కుర్చీ కదలలేదు. బయట చెట్టుకింద దస్తావేజులు రాసేవారు కదలలేదు. పాత బస్సుకు కొత్త ఇంజను వేశారు. డ్రైవరు అతనే, దారి అదే, చిల్లర ఇవ్వని కండక్టరూ అతనే.

పక్కనున్న కర్ణాటకంలో ఇంకో అడుగు వేశారు. 'భూమి' అన్న పేరుతో సుమారు 67 లక్షల రైతుల 2 కోట్ల రికార్డులు కంప్యూటరు కెక్కించి, చేతిరాత నకళ్ళు ఇక చెల్లవన్నారు. తాలూకా కచేరీలో 15 రూపాయలిస్తే కాగితం చేతికి వచ్చేది. అందులో నాకు బాగా నచ్చినది ఒక నియమం: ముందు వచ్చిన దరఖాస్తు ముందు చూడవలసిందే. వెనక వచ్చిన పెద్దమనిషి కాగితం ముందుకు జరపాలంటే యంత్రం ఒప్పుకోదు. కుర్చీ అదే అయినా, అందులో కూర్చున్నవాడి వేళ్ళకు కళ్ళెం పడింది.

మన తెలంగాణలో జరిగింది ఈ రెండింటి కంటే పెద్దది. ఇక్కడ యంత్రానికి సరిపోయేట్టు కచేరీనే తిరిగి కట్టారు. 2017 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా భూరికార్డుల ప్రక్షాళన అని ఊరూరా తిరిగారు. మామ 3 జారిపోయింది ఆ హడావిడిలోనే కాబోలు. 2020 సెప్టెంబరు 7న రాష్ట్రమంతటా వీఆర్‌వోల దగ్గరున్న రికార్డులన్నీ ఒక్క రోజులో స్వాధీనం చేసుకున్నారు. నూటయాభై ఏళ్ళుగా చేతులు మారుతూ వచ్చిన బస్తా ఆనాటితో మూట విప్పింది. ఆ నెలలోనే చట్టం చేసి వీఆర్‌వో ఉద్యోగమే రద్దు చేశారు. అక్టోబరు 29న 'ధరణి' ప్రారంభమైంది. వ్యవసాయ భూములకు తహసీల్దారే రిజిస్ట్రారు. రిజిస్ట్రేషనూ, పేరు మార్పూ ఒకే కూర్చోవడంలో అయిపోతాయి.

మంచి చెప్పకపోతే పాపం. మా కాలేజీలో లెక్కల మాస్టారు ఒకరు రిటైరయ్యాక వర్ధన్నపేట వైపు ఎకరం కొన్నారు. ఫలానా రోజు ఫలానా గంటకు రమ్మని ముందే చీటీ వచ్చింది. వెళ్ళారు, వేలిముద్ర వేశారు, ఫొటో దిగారు, వచ్చారు. మధ్యలో ఎవరికీ దణ్ణం పెట్టలేదు. వెనకటి రోజుల్లో ఒక్క పేరు మార్పుకే నెలలు పట్టేది. ఆయన ఇప్పటికీ ధరణిని తిడితే ఊరుకోరు.

ఆయన రికార్డు సరిగ్గా ఉంది, అదీ సంగతి. తప్పున్నవాడి గతి వేరు. మామ 2018లో వీఆర్‌వోను పట్టుకుంటే, "తప్పే బాపూ, నా రాత గాదు, టైపుల పోయింది. సవరణలప్పుడు ఎక్కిస్త" అన్నాడు. ఆ సవరణ ఒక విడత వాయిదా పడి, ఇంకో విడత మరిచిపోయి, చివరికి ఆయన ఉద్యోగమే రద్దయిపోయింది. ధరణి వచ్చాక నన్ను వెంటబెట్టుకుని తహసీలు కచేరీకి వెళ్ళాడు. తహసీల్దారు మర్యాదస్తుడు. లేచి కుర్చీ చూపించాడు. కంప్యూటరు తెర మా వైపు తిప్పాడు.

"మాస్టారూ, తప్పు నాకూ కనబడుతున్నది. కాని దిద్దే ఆప్షన్ నా లాగిన్‌లో లేదు."

ఈ వాక్యం మీద నేను చాలా రోజులు ఆలోచించాను. తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక మాటల మీదే నా కన్ను. పూర్వం ఉద్యోగి "అది నా అధికారంలో లేదు" అనేవాడు. అంటే, పైవాడి దగ్గరికి వెళ్ళు, లేదా నా మనసు కరిగించు అని అర్థం. ఏదో ఒక సందు ఉండేది. "నా లాగిన్‌లో లేదు" అన్నదానికి సందు లేదు. ఆ మనిషికి మనసు కరిగినా వేలు కదలదు. లంచం ఇచ్చినా కదలదు, కన్నీళ్ళు పెట్టినా కదలదు. లంచం కదలకూడదని మూసిన తలుపు కన్నీళ్ళకూ మూసుకుంది. అధికారం అన్న పాత మాట మెల్లగా జారుకుని, దాని పీటమీద లాగిన్ వచ్చి కూర్చున్నది. మా విద్యార్థులు వ్యాసాల్లో ఇలా రాస్తే ఎర్రసిరాతో కొడతాను గాని, మాట మాత్రం సార్థకమైనదే.

ఇలాంటి కుర్చీ మార్పు మా కాలేజీలోనూ చూశాను. 2016లో డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' కిందికి వచ్చాయి. అంతకుముందు జూన్ వచ్చిందంటే ప్రిన్సిపాలుగారి గదిముందు సిఫారసు ఉత్తరాల ఊరేగింపు. దరఖాస్తు లమ్మే గుమాస్తా ఆ నెలరోజులూ జిల్లా కలెక్టరు కంటే గొప్పవాడు. దోస్త్ వచ్చాక ప్రిన్సిపాలుకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు, ఏ పిల్లవాడు ఎక్కడ చేరాలో తెర చెబుతుంది. సిఫారసు పోయింది, మహాబాగు. ఆ గుమాస్తా మాత్రం ఏం చెయ్యాలో తోచక రెండేళ్ళు గంట కొట్టేవాడికి టైము చెబుతూ కూర్చున్నాడు. ఇప్పుడు ఆప్షన్లు తప్పుగా పెట్టుకున్న పిల్లలకు దారి చూపిస్తున్నాడు. నిజం చెప్పాలంటే, ఆయన ఆఫీసుకు ఎన్నడూ లేనంతగా పనికివస్తున్నది ఇప్పుడే.

మామ దగ్గరికి వద్దాం. ధరణిలో మొదట కొద్ది దరఖాస్తులకే చోటుండేది. గగ్గోలు పుట్టాక ఒక్కొక్కటే చేరుస్తూ పోయి ముప్పై దాటించారు. పాసుపుస్తకంలో తప్పులకు టి.ఎం. 33 అని ఒకటి వచ్చింది. మా మామకు తన గోత్రం గుర్తుందో లేదో గాని, ఈ నంబరు మాత్రం నిద్రలోనూ చెబుతాడు. మీసేవలో దరఖాస్తు పెట్టాం. అది కలెక్టరుగారి లాగిన్‌లోకి వెళ్ళింది. జిల్లాలో ఎన్ని ఊళ్ళు, ఎన్ని తప్పులు, ఒక్క కలెక్టరు! పూర్వం ఊరికొకరు చొప్పున ఉన్న కలాలన్నీ కలిపి ఒక్క చేతికిచ్చారు. ఆ చెయ్యి మంచిదే కావచ్చు, కాని మా మామ గట్టు అది ఎన్నడు చూసింది? నెలలు గడిచాక ఫోనుకు కబురొచ్చింది, తిరస్కరించబడినదని. కారణం లేదు. పట్వారీ అయితే కనీసం తిట్టి పంపేవాడు, ఎందుకు కాదో ఆ తిట్లలోంచి తెలిసేది.

ఇంకొక లోటూ చెప్పాలి. పాత పహాణీలో పట్టాదారు ఎవరు అన్న గడి పక్కనే, సాగు చేస్తున్నది ఎవరు అన్న గడి ఉండేది. ధరణిలో ఆ రెండోది తీసేశారు. తెరమీద గడి పోతే కచేరీకి ఆ మనిషే లేకుండా పోతాడు. కౌలుకు దున్నేవాడు పొలంలో ఉన్నాడు, లెక్కలో లేడు. మామ పొలానికి తూర్పున కౌలు చేసే ఒక ముసలాయన నాతో అన్నాడు: "మీ మామకు ముప్పై గుంటలే పోయినయి. నేనైతే నిండుగనే పోయిన."

2023 చివర ప్రభుత్వం మారింది. 2024 మార్చి మొదట్లో ప్రత్యేకంగా గడువు పెట్టి, పెండింగు దరఖాస్తులు తేల్చే అధికారాలు కొన్ని తహసీల్దార్లకూ, ఆర్డీవోలకూ పంచారు. మళ్ళీ పెట్టాం. ఈసారి ఋజువు కావాలన్నారు. ఋజువంటే పాత పహాణీ నకలు. మామ దగ్గరున్నది చెదలు తిన్నది. అప్పుడు ఆయనకు పాత వీఆర్‌వో గుర్తొచ్చాడు. 2022లో వీఆర్‌వోలను వేరే వేరే శాఖల్లో సర్దినప్పుడు ఆయన భూమితో ఏ సంబంధమూ లేని ఆఫీసులో పడ్డాడు. మేం వెళ్ళేసరికి ఏవో రసీదులకు సూది దారంతో కుట్టు వేస్తున్నాడు. మామను చూడగానే సర్వే నంబరు చెప్పి పలకరించాడు! నాలుగేళ్ళయింది ఆ బస్తా చేజారి.

"బాపూ, పంట లోను తీసుకున్నవు గద. బ్యాంకుల పహాణీ నకలు నేనే రాసిచ్చిన. ఆ ఫైలు ఆడ్నే ఉంటది."

ఉన్నది. నీలం సిరాతో, ఆయన చేతిరాతతో, 2-34 అని ఉన్నది. ఈ వీఆర్‌వో ఆ కాలంలో మామ దగ్గర నకలుకు 200 రూపాయలు పుచ్చుకున్నాడట. ఆ సంగతీ మామే చెప్పాడు, కోపం లేకుండా.

ఇక పొలం దగ్గర విచారణ. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పంచనామా రాశాడు. సరిహద్దు రైతులు సంతకం చెయ్యాలన్నాడు. పడమటి సరిహద్దు ఎవరయ్యా అంటే మామ తమ్ముడు! అందరం ఊపిరి బిగబట్టాం. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కబురు పంపితే ఆయన వచ్చాడు. అన్న వైపు చూడలేదు. కాగితం చదివించుకున్నాడు. "మా నాయిన సమానంగ పంచిండు. ఇండ్ల అబద్ధమేం లేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. సంతకం చేసి, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆరేళ్ళ కిందట ఎవరైనా ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగి ఉంటే అదే మాట అని ఉండేవాడు. అడగమని ఏ తెరమీదా లేదు.

తర్వాతి కథ మీకు తెలిసిందే. 2025లో 'భూభారతి' చట్టం వచ్చింది. ఏప్రిల్ 14న ప్రారంభించి, ముందు నాలుగు మండలాల్లో ప్రయత్నించి చూశారు. అందులో మా పక్కనున్న ములుగు జిల్లా వెంకటాపూర్ ఒకటి. కింది ఉత్తరువు మీద పైవారికి అప్పీలు చేసుకునే మెట్లు పెట్టారు. ఆ సెప్టెంబరులో గ్రామ పాలన అధికారులని ఊళ్ళకు పంపారు. వారిలో పరీక్ష రాసి వచ్చిన పాత వీఆర్‌వోలే ఎందరో ఉన్నారు. తీసేసిన కుర్చీని పేరు మార్చి, చట్టప్రకారం మళ్ళీ తెచ్చి వేశారన్నమాట. వృథా శ్రమ అని నవ్వేవాళ్ళున్నారు. నేను నవ్వను. ఈసారి వచ్చినవాడి దగ్గర బస్తా లేదు, కలమూ లేదు. పొలం దాకా నడిచే కాళ్ళున్నాయి, చూసింది రాసి పైకి పంపే పని ఉంది. మొదటే ఈ రెంటినీ వేరు చేసి, కలం తీసుకుని కాళ్ళు ఉంచి ఉంటే మా అత్త ఆరు బతుకమ్మలు ఒంటరిగా పేర్చేది కాదు.

మామ దిద్దిన పాసుపుస్తకం 2024లోనే పోస్టులో వచ్చింది. భూతద్దం పెట్టి 34 మీద వేలు ఆనించి చూసుకున్నాడట. ఆ సాయంత్రం పుస్తకం తలగుడ్డలో చుట్టుకుని తమ్ముడింటికి వెళ్ళాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో ఎవరూ చెప్పలేదు. మర్నాడు పొద్దున అత్త మా ఆవిడకు ఫోను చేసింది. అన్నదమ్ములిద్దరూ తెల్లవారుజామునే కలిసి పొలానికి పోయారట.

"ఇంకేం, మంచిదే గదా అత్తమ్మా" అంది మా ఆవిడ.

"ఏం మంచిది బిడ్డా! గట్టు రెండు జానలు ఇటు జరిగిందని గాయన, జరగలేదని మీ మామ, పొద్దటిసంది ఒకటే లొల్లి. అంబలి గూడ ఆడ్నే ఇద్దరికీ పంపిన."